నిలబడితే చాలా, వదినగారూ?

మా వదిన సుభద్రకి 66 ఏళ్ళు. షుగరు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈమధ్య డెక్సా స్కాన్ తీయిస్తే తుంటి దగ్గర టీ స్కోరు మైనస్ 2.1 అని వచ్చింది. మైనస్ 2.5కి దిగితే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. అంతదాకా రాలేదు గానీ, ఎంతో దూరం కూడా లేదు. ఆ రిపోర్టు వాట్సాప్‌లో డాలస్ చేరిన రోజే కోడలు ఫోన్ చేసి, "అత్తయ్యా, మీకో వైబ్రేషన్ ప్లేటు ఆర్డరు పెడతాను. రోజూ పది నిమిషాలు దాని మీద నిలబడితే చాలు" అంది. తనకీ అక్కడ ఒకటి ఉందిట.

చిక్కేమిటంటే, ఆ కోడలి కన్నతల్లి లలితగారు మహిళా కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. కూతురు ఇస్తానన్న కానుకని వద్దని చెప్పడానికి వియ్యపురాలింటికి స్వయంగా వచ్చారు. రాజమండ్రి దానవాయిపేటలో, మా అన్నయ్య ఫ్లాట్ హాల్లో జరిగిన వాదన ఇది. కాఫీలు అందించడం తప్ప నాకు అందులో పాత్ర లేదు. నా మొగ్గు లలితగారి వైపే. అయితే మా వదిన కూడా ఉత్త చేతులతో కూర్చోలేదు.

సుభద్ర: నేనేదో ప్రకటన చూసి పడిపోయాననుకోకండి వదినగారూ. చదువుకున్నాను. 2001లో నేచర్ పత్రికలో వచ్చింది. గొర్రెల్ని రోజుకి ఇరవై నిమిషాల చొప్పున, వారానికి ఐదు రోజులు, వణికే పలక మీద నిలబెట్టారు. ఏడాది తిరిగేసరికి తొడ ఎముక పైభాగంలో, లోపల స్పాంజిలా ఉంటుందే, ఆ ఎముక సాంద్రత మామూలు గొర్రెల కన్నా 34 శాతం ఎక్కువుంది. ఆ గొర్రెలు గుంజీళ్ళు తియ్యలేదు, బరువులెత్తలేదు. నిలబడ్డాయంతే.

లలిత: క్లింటన్ రూబిన్ బృందం చేసిన ప్రయోగం. మంచిదే. మరి ఎంత జోరుగా వణికించారో చూశారా?

సుభద్ర: సెకనుకి ముప్ఫై సార్లు.

లలిత: అది ఎన్నిసార్లన్న లెక్క. ఎంత జోరన్నది వేరే. వాళ్ళు వాడింది 0.3 జీ, అంటే భూమి మనల్ని కిందికి లాగే జోరులో మూడో వంతు కన్నా తక్కువ. సెకనుకి ముప్ఫై సార్ల మీద అంత జోరు రావాలంటే పలక మధ్య నుంచి పైకి ఎంత కదలాలో తెలుసా? మిల్లీమీటరులో పదో వంతు కూడా అక్కర్లేదు. నిలబడ్డవాళ్ళకి మిషన్ ఆన్‌లో ఉందో లేదో అనుమానం వస్తుంది. ఇప్పుడు బజార్లో అమ్మేవి చూడండి. అదే ముప్ఫై సార్లు, రెండు మిల్లీమీటర్ల ఊపు అనుకుందాం. జోరు ఏడు జీలు దాటుతుంది. గొర్రెలకిచ్చిన దానికి ఇరవై రెట్ల పైన. అక్కడి ఫలితం చూపించి ఇక్కడి సరుకు అమ్ముతున్నారు.

సుభద్ర: ఏడు జీలా! మీరు లెక్కలో ఎక్కడో సున్నా జారవిడిచారేమో.

లలిత: నా లెక్క నమ్మక్కర్లేదు. షాపుకెళ్ళినప్పుడు ప్లేటు మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఆన్ చెయ్యమనండి. పైకీ కిందికీ కదిలే పలక జోరు ఒక జీ దాటగానే బిళ్ళ పలకని వదిలి ఎగురుతుంది, టకటకమంటుంది. దాటకపోతే అంటుకున్నట్టు కూర్చుంటుంది. కొన్ని మిషన్లు తూగుబల్లలాగా కుడి ఎడమలకి ఊగుతాయి. వాటి మీదైతే నడిమధ్య పెట్టిన బిళ్ళ కదలదు, అంచుకి జరిపే కొద్దీ చిందులేస్తుంది. అందుకే ఆ రకం మీద కాళ్ళు దగ్గరగా పెడితే ఒక మోతాదు, ఎడంగా పెడితే ఇంకో మోతాదు. మందు సీసా మీద ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. దీని మీద ఏముంటుంది? లెవెల్ 1 నుంచి లెవెల్ 99. లెవెల్ 40 అంటే సెకనుకి ఎన్నిసార్లు, ఎన్ని మిల్లీమీటర్లు? అమ్మేవాణ్ణి అడగండి, చెప్పగలడేమో.

(ఈ రూపాయి బిళ్ళ పరీక్ష నాకు బాగా నచ్చింది. పదో తరగతి ఫిజిక్స్ ఇన్నేళ్ళకి నాకు పనికొచ్చేలా ఉంది.)

సుభద్ర: సరే, గొర్రెల్ని వదిలేద్దాం. నాసా వాళ్ళు వ్యోమగాముల కోసం దీన్ని పరీక్షించారా లేదా?

లలిత: నాసా డబ్బిచ్చి పరిశోధన చేయించిన మాట నిజమే. మరి ఇవాళ అంతరిక్ష కేంద్రంలో ఎముకల కోసం ఏం వాడుతున్నారు? ట్రెడ్‌మిల్లు, సైకిలు, ఏరెడ్ అనే బరువుల యంత్రం. అక్కడ బరువుండదు కాబట్టి గొట్టాల్లో శూన్యం సృష్టించి, 270 కిలోలెత్తినంత ప్రతిఘటన దాకా ఇస్తారు. వ్యాయామానికి రోజుకి రెండు గంటలు పక్కన పెడతారు. నడుం కింది ఎముకలు నెలకి ఒకటి, ఒకటిన్నర శాతం కరిగిపోయే చోటు అది. పలక మీద నిలబడితే సరిపోయే పనైతే వాళ్ళు ఆ రెండు గంటలు ఎందుకు పోగొట్టుకుంటారు?

సుభద్ర: మనుషుల మీద చెయ్యలేదా మరి?

లలిత: చేశారు. టొరంటోలో నెలసరి ఆగిపోయిన 202 మంది ఆడవాళ్ళని తీసుకున్నారు. వాళ్ళలో కొందరికి గొర్రెలకిచ్చిన ఆ 0.3 జీయే ఇచ్చి, ఏడాదిపాటు రోజూ ఇరవై నిమిషాలు నిలబడమన్నారు. 2011లో ఫలితం వచ్చింది. నిలబడని వాళ్ళకీ వీళ్ళకీ ఎముకలో తేడా లేదు. బోస్టన్ వైపు, సగటున ఎనభై దాటిన వాళ్ళతో రెండేళ్ళు నడిపిన ప్రయోగం 2015లో వచ్చింది. అందులోనూ అంతే.

సుభద్ర: అదంతా మెల్లగా వణికించిన రకం. ఇందాక మీరే అన్నారు, బజార్లో దొరికేవి జోరువని. జోరు రకం సంగతి నేను చెబుతాను వినండి. బెల్జియంలో 2004లో 70 మంది ఆడవాళ్ళు, అందరూ నా ఈడు వాళ్ళే. వాళ్ళలో కొందరి చేత ఆరు నెలలు చేయిస్తే తుంటి ఎముక ఒక శాతం దగ్గరగా పెరిగింది, కాళ్ళ బలం పదిహేను శాతం పెరిగింది. జిమ్ముకెళ్ళిన వాళ్ళ కాళ్ళ కన్నా వీళ్ళ కాళ్ళేమీ తీసిపోలేదు. దీనికేమంటారు?

(లలితగారు కప్పు కింద పెట్టారు. ఇది ఆవిడ ఎదురుచూడని ముక్క అనుకుంటాను.)

లలిత: అది నిజమే. కాదనను. కానీ వాళ్ళు పలక మీద ఊరికే నిలబడలేదు వదినగారూ. సగం గుంజీ, పూర్తి గుంజీ, ఒక కాలు ముందుకేసి వంగడం, ఇవన్నీ ఆ పలక మీదే చేశారు. పక్కన నేర్పే మనిషి నిలబడి, వారం వారం మోతాదు పెంచాడు. మా అమ్మాయి మీకేం చెప్పింది? నిలబడితే చాలంది. ఆ చాలు అన్న మాటతోనే నాకు పేచీ.

సుభద్ర: నేనూ వంగుతాను. పట్టుకోవడానికి హ్యాండిలున్న రకం కొంటాను.

లలిత: వంగగలిగితే పలకెందుకు, నేల చాలదా? ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్ళ లిఫ్ట్‌మోర్ అనే ప్రయోగం 2018లో వచ్చింది. ఎముక పలచబడ్డ 101 మంది ఆడవాళ్ళు. సగం మందికి వారానికి రెండు సార్లు, అరగంట చొప్పున, నిపుణుల కళ్ళెదుట బరువులెత్తించారు, గెంతించారు. ఎనిమిది నెలల్లో వాళ్ళ వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన తక్కిన సగం మందికి 1.2 శాతం తగ్గింది. ఎముకకి కావలసింది బరువు. వణుకు కాదు.

సుభద్ర: నన్ను బరువులెత్తమంటున్నారా? బియ్యం బస్తా జరపడానికి వాచ్‌మన్‌ని పిలిచేదాన్ని! మీరు చెప్పేవన్నీ చేసేవాళ్ళ కోసం వదినగారూ. నేను చెయ్యను. నా సంగతి నాకు తెలుసు. పోనీ నడుద్దామా అంటే మా వీధిలో ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండ్లు, మలుపులో కుక్కలు. మేనెలలో పొద్దున ఏడింటికే రోడ్డు కాలుతుంది. కంబాలచెరువు పార్కుకి వెళ్ళొచ్చేసరికి మోకాళ్ళు సలుపుతాయి. చెయ్యని గొప్ప వ్యాయామం కన్నా చేసే చిన్న వ్యాయామం మేలు కదా. టీవీ సీరియల్ చూస్తూ దాని మీద నిలబడతాను. మీ పరిశోధనల్లో నాలాంటి బద్ధకస్తుల లెక్క ఉందా?

ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. ఇంట్లో వాడే వ్యాయామ యంత్రాల వ్యాపారమంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. పైగా అందులో నిజం ఉంది. లలితగారు దానికి నేరుగా జవాబు చెప్పకుండా వేరే దారి పట్టారు.

లలిత: ఇంతకీ ఈ మిషన్ మీరు ఎక్కి చూశారా?

సుభద్ర: చూడకుండా అంటానా? మెయిన్ రోడ్డు దగ్గర ఉచిత డెమో సెంటరు పెట్టారు. రోజూ పొద్దున వెళ్ళాను. పది నిమిషాలు ఎక్కిస్తారు. దిగాక పిక్కలు వెచ్చగా, తేలిగ్గా ఉండేవి. ఆ రోజుల్లో పరగడుపు షుగరు కూడా దిగింది. గ్లూకోమీటరులో ఉంది, కావాలంటే చూపిస్తాను.

లలిత: ఆటోలో వెళ్ళేవారా?

సుభద్ర: ఆటో ఎందుకండీ, ఇంతదూరానికి? నడిచే. వెళ్ళడానికి ఒక పావుగంట, రావడానికి ఒక పావుగంట.

లలిత: రోజూ?

సుభద్ర: రోజూ. నలుగురం పోగయ్యేవాళ్ళం, కబుర్లు చెప్పుకుంటూ... (ఆగి) మీరెక్కడికి వస్తున్నారో తెలిసింది.

లలిత: రోజుకి అరగంట నడిచి, పది నిమిషాలు పలకెక్కి, షుగరు తగ్గించిన పేరు పలకకిచ్చారు.

సుభద్ర: అక్కడ మిషన్ ఉంది కాబట్టే నడిచాను! లేకపోతే కాలు గడప దాటేదా?

లలిత: ఒప్పుకుంటాను. మరి ఆ మిషన్‌ని ఇంటికి తెచ్చుకుంటే ఆ నడక ఏమవుతుంది? ఆ నలుగురూ ఏమవుతారు? పది నిమిషాలు దాటగానే ఆపేసే మనిషి అక్కడుంది. ఇక్కడ సీరియల్ అయ్యేదాకా మీరు దిగరు.

(మా వదిన నా వైపు చూసింది. నేను కాఫీ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. నాకు తోచింది మాత్రం రాస్తాను. డెమో సెంటర్లో బాగా పనిచేసిన మిషన్ ఇంటికొచ్చాక చల్లబడిందని చాలామంది అంటుంటారు. మిషన్ మారదు. చుట్టూ ఉన్నదంతా సెంటర్లోనే ఉండిపోతుంది. పెద్ద ట్రెడ్‌మిల్లయితే కనీసం కళ్ళెదుట ఉండి దెప్పుతుంది, ఈ ప్లేటు చదునుగా ఉండి మంచం కిందికి దూరిపోతుంది.)

నేను తిరిగొచ్చేసరికి మాట డాలస్ మీదికి మళ్ళింది.

సుభద్ర: కోడలు అంటుంది, ఒంట్లో చెడు నీరు దిగిపోతుందిట. లింఫ్ అట. కొవ్వు కూడా కరుగుతుందిట. కాళ్ళు దురదపెడితే కరుగుతున్నట్టు గుర్తని సెంటర్లో కుర్రాడు కూడా చెప్పాడు.

లలిత: దాని మాటలు మీరు పట్టించుకోకండి. అక్కడ ఇప్పుడు ఫోన్లో చిన్న చిన్న వీడియోల పుణ్యమా అని ప్రతి ఇంట్లో ఈ ప్లేటే. చర్మానికి రక్తం ఎక్కువ పారితే దురద పుడుతుంది, ఎర్రబడుతుంది. కొవ్వుకీ దానికీ సంబంధం లేదు. గట్టి మిషన్ మీద చేసినప్పుడు అదనంగా ఖర్చయ్యే ప్రాణవాయువుని కొలిచారు. మామూలు నడకకి అయ్యేంత. ఆ కొలతతో మీ బరువుకి లెక్క వేస్తే, పది నిమిషాలకి పదిహేను క్యాలరీలు కూడా రావు. ఇందాక కాఫీతో తిన్న మారీ బిస్కెట్ ఒక్కటి కూడా తీరదు.

సుభద్ర: రెండు తిన్నాను.

లలిత: ఇదేమీ కొత్త పిచ్చి కూడా కాదు. 1865లో స్టాక్‌హోంలో గుస్తావ్ జాండర్ అనే డాక్టరు ఇలాంటి యంత్రాలతో ఏకంగా ఒక సంస్థ పెట్టాడు, నిలబడితే చాలు యంత్రమే వ్యాయామం చేయిస్తుందని. టైటానిక్ ఓడ జిమ్ములో కరెంటు ఒంటె ఉండేది, ఎక్కి కూర్చుంటే ఊపేది. కార్న్‌ఫ్లేక్స్ కెలాగ్ ఉన్నాడే, ఆయన బాటిల్ క్రీక్ ఆరోగ్యాలయంలో వణికే కుర్చీలు పెట్టాడు. ఆ తర్వాత నడుముకి పట్టీ కట్టి ఊపే మిషన్లు వచ్చాయి. నూట యాభై ఏళ్ళుగా ఒకటే ఆశ, పేర్లే మారాయి.

సుభద్ర: పాతదైనంత మాత్రాన అబద్ధమైపోతుందా? నా ఆఖరి మాట వినండి. ఎముక పెరగదన్నారు, సరే. ఎముక పలచగా ఉన్నా పడకపోతే విరగదు కదా? 2017లో ఈ ప్రయోగాలన్నిటినీ కూడేసి చూశారు. ఎముక సాంద్రత మొత్తమ్మీద మారలేదు గానీ పెద్దవాళ్ళు పడిపోవడం తగ్గినట్టు తేలింది. నాకు కావలసింది అదే. మా అత్తగారు బాత్రూంలో జారి తుంటి విరిగి మంచాన పడ్డ ఏడాది నేను చూశాను.

లలిత: ఇంతసేపట్లో మీరన్న వాటిల్లో బలమైన మాట ఇదే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాళ్ళలో కండరాలు వణుకుకి వాటంతటవే బిగుస్తాయి, తూకం నిలబెట్టుకోవడం అలవాటవుతుంది. బాగా నీరసించినవాళ్ళకి, పక్షవాతం తర్వాత కోలుకుంటున్న కొందరికి ఫిజియోథెరపిస్టులు వాడేది అందుకే. వేరే వ్యాయామం చెయ్యలేని మనిషికి నేను వద్దనను. కానీ మీరు ఆ మనిషి కాదు. పైగా మీ కంటి సంగతి మర్చిపోయారు.

సుభద్ర: కంటికేమైంది?

లలిత: షుగరు వల్ల రెటీనాకి లేజర్ చేయించుకున్నారు. కుడికంట్లో శుక్లం తీసి లెన్సు పెట్టారు. మంచి కంపెనీల మిషన్లతో వచ్చే పుస్తకంలో వాడకూడని వాళ్ళ జాబితా ఉంటుంది. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళు, కిడ్నీలో, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళు, మోకాలు మార్పించుకున్నవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, రెటీనా జబ్బున్నవాళ్ళు. ఇలాంటి మిషన్ వాడాక కంట్లో పెట్టిన లెన్సు పక్కకి జారిన కేసులు కంటి డాక్టర్ల పత్రికల్లో ఉన్నాయి. తరచుగా జరుగుతుందని నేననను. మన వీధిలో అరవై దాటిన ఆడవాళ్ళలో ఈ జాబితాకి ఎంతమంది బయటుంటారో మీరే చెప్పండి.

సుభద్ర: డెమో సెంటర్లో ఇవేమీ అడగలేదే.

లలిత: అడిగితే సగం మందిని వెనక్కి పంపాలి. వణుకు ఒంటికి ఎప్పుడూ మంచే చేస్తుందనుకుంటే బస్సు డ్రైవర్లకి, ట్రాక్టర్ తోలేవాళ్ళకి నడుం నొప్పులు ఎందుకొస్తాయి? ఐరోపా వాళ్ళు 2002లో కార్మికుల ఒంటికి రోజుకి ఎంత వణుకు తగలొచ్చో చట్టం చేశారు. నిలబడి పనిచేసే మనిషికి వేసే కొలతతోనే కొలిస్తే, జోరు మిషన్లు కొన్ని నిమిషాల్లోనే ఆ హద్దు దాటేస్తాయి. మోకాళ్ళు వంచి నిలబడితే తలకెక్కే వణుకు చాలా తగ్గుతుంది. టీవీ చూస్తూ మోకాళ్ళు వంచి ఎవరు నిలబడతారు? లేవండి ఒకసారి.

సుభద్ర: ఎందుకు?

లలిత: ఆ డైనింగ్ కుర్చీ గోడకి ఆనించు బాబూ. (ఇది నాతో.) చేతులు రెండూ భుజాల మీద కట్టుకోండి. అరనిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో చూద్దాం. మీ వయసు ఆడవాళ్ళు పదకొండు కన్నా తక్కువ చేస్తే పడే ప్రమాదం ఎక్కువని లెక్క.

లలితగారు ఫోన్‌లో గడియారం పెట్టారు. మా వదిన మొదటి నాలుగూ చులాగ్గా లేచింది. ఐదోసారి చేతులు వాటంతటవే తొడల మీదికి వచ్చాయి. లలితగారు "చేతులు" అనగానే మళ్ళీ భుజాల మీదికి వెళ్ళాయి. ఏడోసారికి ముందుకి బాగా వంగి, ఊపు తీసుకుని గాని లేవలేకపోయింది. గంట మోగేసరికి ఎనిమిది.

సుభద్ర: (ఆయాసపడుతూ) చూశారా? ఎనిమిదే. అందుకే మిషన్ కావాలంటున్నాను.

లలిత: అందుకే వద్దంటున్నాను. ఇప్పుడు ఆయాసమొచ్చింది, తొడలు వణుకుతున్నాయి. ఒక్క అరనిమిషంలో, పైసా ఖర్చు లేకుండా. ఆ సెంటర్లో ఎప్పుడైనా ఇలా ఆయాసమొచ్చిందా?

సుభద్ర: లేదు.

లలిత: పదివేలో పదిహేను వేలో పెట్టేది ఆ పలక మీద కాదు. వారానికి రెండు రోజులు ఫిజియోథెరపిస్టుని ఇంటికి పిలిపించుకోండి. కాళ్ళకి కట్టుకునే ఇసుక బరువులు కొనుక్కోండి. మోకాలు నొప్పి రాకుండా ఎలా లేవాలో ఆ ఫిజియోథెరపిస్టు నేర్పుతుంది. పొయ్యిగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం పాలు పొంగేలోపు చేసుకోవచ్చు.

సుభద్ర: మీ అమ్మాయికి ఎవరు చెబుతారు? నేను వద్దంటే కోడలి కానుక అత్తగారు తిప్పికొట్టిందవుతుంది.

లలిత: నేను చెబుతాను. నా మాట దానికి అలవాటే.

సుభద్ర: సరే. నెల్లాళ్ళు మీరన్నట్టు చేస్తాను. మళ్ళీ ఇదే కుర్చీ, ఇదే గడియారం. పదకొండు రాకపోతే మాత్రం మిషన్ కొనేస్తాను. అప్పుడు అడ్డుపడకూడదు.

లలిత: పడను. మీ కంటి డాక్టరు సరేనంటే హాయిగా కొనుక్కోండి.

సుభద్ర: ఆయన ససేమిరా అంటాడని మీకు ముందే తెలుసు.

లలిత: తెలుసు.